రొక్కం కొట్టు, అరువు గొడుగు

బేరమాడటం కూడా ఒక విద్యేనా అని నవ్వకండి. నన్నడిగితే అది సంగీతం కన్నా కష్టమైన విద్య. సంగీతం రాకపోతే పాడకుండా ఊరుకోవచ్చు. పైగా చుట్టుపక్కలవాళ్ళు సంతోషిస్తారు కూడాను. బేరం రాకపోతే అలా ఊరుకోవడానికి వీల్లేదు. చీర కట్టుకోవాలి, కూర వండుకోవాలి, పిల్లలకి చెప్పులు కొనాలి. బేరం రానివాళ్ళ మొహం మీద ఆ సంగతి రాసిపెట్టి ఉంటుందేమో, కొట్టువాడు అల్లంత దూరం నుంచే చదివేస్తాడు. "రండమ్మా, కూర్చోండి, ముందు చల్లగా ఏమైనా తాగండి" అని అతను అనేలోపలే చీర ధర రెండు మెట్లు పైకెక్కి కూర్చుంటుంది.

మా పెద్దాడపడుచు ఈ విద్యలో ఆరితేరిన మనిషి. పూర్ణా మార్కెట్‌లో ఆవిడ వెనకాల నడవడం నాకో వినోదం. ఎనిమిదొందలు చెప్పిన దుప్పటికి కళ్ళార్పకుండా మూడొందలంటుంది. కొట్టువాడు గుండె పట్టుకుంటాడు. పిల్లలు గలవాణ్ణంటాడు. ఆవిడకి మాత్రం పిల్లలు లేరా? చేతిసంచీ సర్దుకుని లేస్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు. అయిదో అడుగు పడేసరికి వెనక నుంచి "అమ్మా, రండి, మీ మాటే ఉండనివ్వండి" అని కేక వస్తుంది. "ఆ అయిదో అడుగులోనే ఉందే కిటుకంతా" అంటుంది ఆవిడ. నాకు ఈ జన్మలో ఆ అయిదో అడుగు పడలేదు. మూడో అడుగులోనే 'పాపం, నిజంగానే గిట్టదేమో' అనిపించి వెనక్కి తిరిగి చూస్తాను. తిరిగి చూశామా, అంతే సంగతులు.

ఇది అమ్మ దగ్గర నుంచి నాకు సంక్రమించిన ఆస్తి. నా చిన్నప్పుడు విశాఖపట్నంలో మేమున్న వీధికి నెలకోసారి సైకిలు వెనకాల చీరల మూట కట్టుకుని ఒకతను వచ్చేవాడు. నాన్న హార్బరు దగ్గర గుమస్తా. బైలదిల్లా కొండల్లోంచి రైళ్ళ మీద వచ్చిన ఇనపరాయి ఓడలకెక్కి జపాను వెళ్తుంటే ఆ లెక్కలు రాసే ఉద్యోగం. జీతం ఒకటో తారీకున వచ్చి, పదో తారీకుకల్లా సెలవు పుచ్చుకునేది. మిగిలిన ఇరవై రోజుల్లో పండగలూ పేరంటాలూ రాకుండా ఉంటాయా? అందుకని మా అమ్మ చీరలన్నీ వాయిదాల మీదే. మూట విప్పి అతను అరుగు మీద పరుస్తుంటే అమ్మ ఒక్కసారీ "ఎంత?" అని అడగ్గా నేను వినలేదు. "నెలకెంత?" అని మాత్రమే అడిగేది. మిగతాదంతా అతని చేతిలోని పొడుగాటి ఖాతా పుస్తకానికి తెలుసు.

నేను హెచ్చవేతలు నేర్చుకున్న కొత్తలో, నా తెలివి ఎక్కడ చూపించాలో తెలియక, ఆ వాయిదాలన్నీ హెచ్చవేసి చూశాను. బజారులో రెండొందలుండే చీరకి మేం కట్టింది మూడొందలు! పరిగెత్తుకుంటూ వెళ్ళి అమ్మకి చెప్పాను. ఆవిడ పప్పు ఎనుపుతూ తలెత్తకుండానే అంది: "నాకు తెలుసే. రెండొందలు చీరకి. ఆ పై వంద, నన్నేమీ అడగనివ్వకుండా, నాచేత నోరు తెరిపించకుండా ఇచ్చినందుకు."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. తరవాత చాలా ఏళ్ళకి అర్థమైంది. అదీ ఎలాగంటే, ఓ జపాను బట్టలకొట్టు కథ పుణ్యాన.

జపానంటే మా ఇంట్లో తరానికో అర్థం. మా నాయనమ్మకి జపానంటే 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద పడ్డ బాంబులు. నాన్నకి ఓడలకెక్కే ఇనపరాయి. మా మేనల్లుడికి నెల జీతం. వాడు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ మధ్య సెలవుల్లో మా రుషికొండ ఇంటికి వస్తూ ఓ పొట్లం తెచ్చాడు. తెల్లకాగితం మీద ఎర్రటి మచ్చలు. పువ్వులా అంటే పువ్వులు కావు, ఆకులా అంటే ఆకులూ కావు. నేను మామూలుగా చించబోతే "అత్తా, ఆగు! అందులో ఉన్న రుమాళ్ళ కన్నా ఆ కాగితానికే చరిత్ర ఎక్కువ" అన్నాడు.

1950లో గెన్‌ఇచిరో ఇనోకుమా అనే చిత్రకారుడు ఆ కొట్టు కోసం గీసిన బొమ్మట అది. సముద్రపొడ్డున నడుస్తుంటే, కెరటాలు ఎంత కొట్టినా చెక్కుచెదరకుండా గుండ్రంగా నునుపు తేలిన రాళ్ళు కనబడ్డాయట ఆయనకి. ఆ రాళ్ళనే గీశాడు. ఇన్నేళ్ళైనా ఆ కొట్టువాళ్ళు అదే కాగితంలో పొట్లాలు కడుతున్నారు. రోజూ సాయంత్రం రుషికొండ ఒడ్డున నేనూ నడుస్తాను. రాళ్ళు నాకూ కనబడతాయి. మా వారైతే వాటికి తట్టుకుని బోర్లా పడబోయారు కూడా. కానీ వాటితో చీరలు అమ్మచ్చని మా ఇద్దరికీ తోచలేదు చూడండి!

ఆ కొట్టు పేరు మిత్సుకోషి. అన్నిరకాల సరుకులూ అంతస్తులంతస్తులుగా అమ్మే పెద్ద దుకాణాలకి జపానులో పెద్దన్నలాంటిది. "నీకు కావలసినంత కథ ఉందత్తా అందులో" అని మేనల్లుడు నా చేతిలో పెట్టిన రెండు పుస్తకాలు చదివితే నిజంగానే కథ. నాలాంటిదాన్ని నిద్రపోనివ్వని కథ.

ఆ కథకి మూలం ఒక తల్లి. పదిహేడో శతాబ్దంలో మత్సుసకా అనే ఊళ్ళో మిత్సుయి వారిల్లు. ఇంటాయనకి వ్యాపారం కంటే కవిత్వం మీద ధ్యాస. అలాంటి ఇళ్ళు మనకీ తెలుసు కదా! దాంతో సారా, మిసో అమ్మే కొట్టూ, తాకట్టు వ్యాపారమూ ఇల్లాలి నెత్తిన పడ్డాయి. ఆవిడ పేరు షుహో. ఆవిడ నడిపిందీ అంటే ఆషామాషీగా కాదు. వచ్చినవాళ్ళకి చేసిన మర్యాదకీ, చేసిన పొదుపుకీ చరిత్రలో నిలిచిపోయింది. ఆవిడకి నలుగురు కొడుకులూ నలుగురు కూతుళ్ళూ. అందరిలోకీ చిన్నవాడు తకతోషి, 1622లో పుట్టాడు. పద్నాలుగో ఏట ఎదో పట్నంలో అన్నగారి బట్టలకొట్టులో పనికి కుదిరాడు. ఎదో అంటే ఇవాళ్టి టోక్యోయే. కుర్రాడు మహా చురుకు. అంత చురుకైన తమ్ముడంటే ఏ అన్నకి నిశ్చింతగా ఉంటుంది? ఇరవై ఎనిమిదో ఏట "అమ్మని చూసుకోవాలి, ఇంటికి పో" అని పంపించేశారు. పోయాడు. 24 ఏళ్ళు తల్లి దగ్గరే ఉండి, అప్పులిస్తూ, ధాన్యం వ్యాపారం చేస్తూ, కొడుకుల్ని ఒక్కొక్కణ్ణే పట్నంలో పనికి పెడుతూ కాచుక్కూచున్నాడు. 1673లో అన్నగారు పోయాక, తన 52వ ఏట, ఎదోలో తొమ్మిదడుగుల వెడల్పు అద్దెకొట్టు తీసుకుని కొడుకుల చేత తెరిపించాడు. కొట్టు పేరు ఎచిగోయా. షుహో మరో మూడేళ్ళకి, 1676లో కన్నుమూసింది. కొట్టు తెరవడం చూసే పోయింది.

ఏభై రెండేళ్ళకి మొదలుపెట్టాడని తెలియగానే నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. నలభై దాటాక ఆడదాన్ని 'ఇంకేం చేస్తావులే' అని చూసే చూపులు మీకూ తగులుతూనే ఉంటాయి.

సరే, అసలు సంగతి. ఆ రోజుల్లో ఎదోలో బట్టల వర్తకం ఎలా ఉండేదంటే, అచ్చం మా వీధిలో మూట వ్యాపారంలాగే ఉండేది. కాకపోతే మూట వెళ్ళేది జమీందార్ల మేడలకి. గుమస్తా నమూనాలో, సరుకో పట్టుకుని ఇంటికి వెళ్ళేవాడు. డబ్బు ఏడాదికి ఒకసారో రెండుసార్లో ముట్టేది. అన్నాళ్ళు ఆగాలి కాబట్టి వడ్డీ ముందే ధరలో కలిపేసేవారు. ఎగ్గొట్టేవాళ్ళ బాకీ కూడా ఇచ్చేవాళ్ళ నెత్తినే. అందులో మనిషిని బట్టి ధర. పైగా కొంటే తాను మొత్తం కొనాలి. మామూలు సంసారి గడప తొక్కే బేరం కాదది.

తకతోషి ఈ మొత్తాన్నీ తలకిందులు చేశాడు. 1683లో సురుగచో అనే వీధికి కొట్టు మార్చినప్పుడు ఊరంతా చీటీలు పంచాడు. మన భాషలో చెప్పుకుంటే ఆ చీటీ సారాంశం ఇదీ: రొక్కానికే అమ్ముతాం, పెంచి చెప్పే ధర లేదు. ఎవరొచ్చినా ఒకటే ధర. అప్పు లేదు కాబట్టి ధరలో వడ్డీ లేదు, కనక ధర తక్కువ. తాను మొత్తం అక్కర్లేదు, కావలసినంత ముక్క కోసి ఇస్తాం. రవిక గుడ్డకి వచ్చినామె రవిక గుడ్డే కొనుక్కుపోవచ్చు. ఒక్కో రకం బట్టకి ఒక్కో గుమస్తా. తొందరగా కావాలంటే అక్కడికక్కడే కుట్టి ఇచ్చే దర్జీలు. ఇదంతా చూసి ముచ్చటపడి ఇహారా సైకాకు అనే కథకుడు 1688లో తన పుస్తకంలోకి ఎక్కించాడు. మావాళ్ళు ఎక్కడున్నా అంతే, మంచి కొట్టు కనబడితే కొనకపోయినా కథ రాస్తారు.

పారిస్ నగరంలో బాన్ మార్షే అనే దుకాణం 1852 నుంచీ ఒకే ధర పద్ధతి పెట్టిందని గొప్పగా చెప్పుకుంటారు. ఎచిగోయా అంతకు దాదాపు 170 ఏళ్ళు ముందు.

తోటి వర్తకులు ఊరుకుంటారా? కులంలోంచి వెలివేసినట్టు వర్తక సంఘంలోంచి వెలివేశారు. బెదిరించారు. చివరికి ఎచిగోయా వంటింటివైపు మురికి పారేట్టు మరుగుదొడ్డి కట్టారట! పక్కింటితో గోడ తగాదాలున్నవాళ్ళకి ఇది చదివాక కాస్త ఊరట కలగాలి. అయినా కొట్టు నిలిచింది. నిలవడమే కాదు, 1830ల నాటికి హొకుసాయి అంతటి చిత్రకారుడు ఫ్యూజీ పర్వతం బొమ్మలు గీస్తూ, ఈ కొట్టు పైకప్పుల మధ్య నుంచి కనబడే కొండని కూడా గీశాడు.

1904లో మిత్సుయి వారు బట్టల వ్యాపారాన్ని విడిగా కంపెనీ చేసి, ఇంటిపేరులో ముందక్షరమూ, కొట్టుపేరులో ముందక్షరమూ కలిపి మిత్సుకోషి అన్నారు. ఇకనుంచి మాది బట్టలకొట్టు కాదు, అన్ని సరుకుల దుకాణం అని పత్రికల్లో ప్రకటించారు. 1914లో నిహోన్‌బాషిలో లిఫ్టుతో, కదిలే మెట్లతో కొత్త మేడ కట్టి, గుమ్మం ముందు రెండు కంచు సింహాలని కూర్చోబెట్టారు. ఆ సింహాలు లండను ట్రఫాల్గర్ స్క్వేర్ సింహాలకి నకళ్ళు.

నాకు మహా నచ్చిన ముక్క ఇంకోటుంది. పూర్వం ఈ కొట్లలో కొనేవాళ్ళు చాపల మీద కూర్చుంటే, గుమస్తాలు లోపల్నుంచి ఒక్కో తానూ తెచ్చి ముందు పరిచేవారు. 1895లో ఎచిగోయా కొంత భాగంలో అద్దాల బీరువాల్లో సరుకు పెట్టి, మీరే చూసుకోండి అంది. చెప్పులు గుమ్మం బయట విడవడమన్న ఆచారం మాత్రం 1923 భూకంపం దాకా సాగింది. ఇది చదివి నేను పకపకా నవ్వాను. ఎందుకంటే, మనం ఇప్పటికీ పట్టుచీరల కొట్లో చేసేది అదే కదా! చెప్పులు కింద విడిచి, తెల్లటి పరుపు మీద బాసింపట్టు వేసుక్కూచుంటాం. కుర్రాడు విసిరి విసిరి చీరలు పరుస్తాడు. ఏభై చీరలు విప్పించాక ఊరికే లేవడానికి మొహం చెల్లదు. ఆ పరుపు మెత్తగా ఉండేది మన సుఖం కోసం అనుకుంటున్నారా? మనం లేవకుండా ఉండటం కోసం!

అద్దాల బీరువాలో, ధర చీటీతో వేలాడే చీర దగ్గర ఈ మొహమాటం లేదు. చూడచ్చు, చీటీ తిప్పచ్చు, అమ్మబాబోయ్ అని మనసులో అనుకుని ముందుకి పోవచ్చు. ఎవరూ ఏమీ అడగరు, మనమూ అడగక్కర్లేదు. అమ్మ ఆ పై వంద కట్టింది దీనికోసమే! నోరు తెరవక్కర్లేకుండా, తల దించుకోకుండా ఒక చీర కొనుక్కోగలగడానికి. ధర చీటీ అంటే కాగితం ముక్క అనుకుంటాం గానీ, నోరులేని ఆడవాళ్ళకి అది నోరు.

మనకి ఇది ఆలస్యంగా వచ్చింది. ఖద్దరు భండారాల్లో ముందునుంచీ ఒకే ధర. 1976లో ఆప్కో ఏర్పడ్డాక చేనేత బట్టలకీ ఆ పద్ధతి ఊరూరా వచ్చింది. అమ్మ మా పెద్దాడపడుచులాంటివాళ్ళెవరినీ తోడు తీసుకోకుండా ఒక్కతే వెళ్ళి, పండగ రిబేటులో, తన కళ్ళతో ధర చదువుకుని కొన్న మొదటి చీర ఆప్కోదే. ఇంటికి వచ్చి, చీర కన్నా ముందు రసీదు చూపించింది నాకు. 1990 నుంచి సబ్బుబిళ్ళ మీదా బిస్కెట్ పొట్లం మీదా పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర అచ్చు వెయ్యాలని చట్టం వచ్చింది. ఇవాళ చిన్నపిల్లని పంపించినా ధర చదివి తెస్తుంది. ఇదేమంత గొప్ప అనకండి. చిన్నపిల్లని పంపించినా మోసపోదు అన్న ఒక్కమాట కోసమే ఎచిగోయా అన్ని తిట్లు తిన్నది.

అయితే, అన్ని సరుకులకీ ధర చీటీ కట్టేస్తే పోలేదా అన్నారు మా వారు. ఈ ప్రశ్నకి జవాబు మా చేపలావిడ చెప్పింది. జాలరిపేట నుంచి వస్తుంది. బుట్ట దింపి, వంజరానికి ఓ ధర చెప్తుంది. నిన్న ఇంకో ధర. అదేమిటే, నిన్న అలా చెప్పావు అంటే ఆవిడ నా అమాయకత్వానికి జాలిపడింది.

"గుడ్డ రేపటికీ గుడ్డేనమ్మా. సేప రేపటికి సేప కాదు. ఆరుగంటలకి ఓ రేటు, పదిగంటలకి ఓ రేటు. ఆ రేటు నాను సెప్పనమ్మా, ఎండ సెప్తాది."

ఆర్థికశాస్త్రం పాఠాలు కాలేజీలో చాలా విన్నాను గానీ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. నిలవుండే సరుకు నింపాదిగా తన ధర చెప్పుకోగలదు. నిలవుండనిది మాత్రం ఎదుటివాడి మొహం చూసి చెప్పాలి. తకతోషి చేపలమ్మి ఉంటే ఆ చీటీలు పంచి ఉండేవాడు కాడు. మా పెద్దాడపడుచు అయిదో అడుగు కూడా పరుపుల దగ్గరే వెయ్యాలి గానీ, ఎండలో కూచున్న బుట్ట దగ్గర కాదని నాకు అప్పట్నుంచే అనిపిస్తోంది.

ఇంతవరకూ ఎచిగోయా నాకు దేవాలయమే. తరవాతి సంగతి చెప్తాను వినండి.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలతో వేటకి వెళ్ళకూడదు. చేపలు పిల్లలు పెట్టే కాలం. మంచి నిబంధనే. కానీ పెళ్ళి ముహూర్తాలు కూడా ఆ రోజుల్లోనే కదా! మా చేపలావిడ కూతురి పెళ్ళి సరిగ్గా ఆ నిషేధం రోజుల్లో పడింది. "నువ్వు కూడా రా అమ్మా, ఆ పెద్ద షాపులోకి ఒక్కదాన్నీ ఎల్లాలంటే ఏదోలా ఉంటాది" అంటే తోడు వెళ్ళాను. లోపల చల్లగా, వెలుగులు జిగేలుమంటూ ఉంది. ఆవిడ అయిదో తరగతి చదివింది. ఒక్కొక్క చీరకీ వేలాడే చీటీ తిప్పి కూడబలుక్కుని చదువుకుంది. కాసేపటికి భుజాలు తేలికపడి, నావైపు తిరిగి, "ఇక్కడ ఎవులినీ అడగక్కర్నేదమ్మా!" అంది. అచ్చం మా అమ్మ రసీదు చూపించినప్పటి మొహం.

నాలుగు చీరలు ఎంచుకుంది. డబ్బు కట్టే బల్ల దగ్గర, ఒకదానికి రొక్కం ఇచ్చి, మిగతా మూడూ రెండు నెలల్లో కడతానంది. వాయిదాలున్నాయి, లేకేం? నున్నగా తల దువ్వుకున్న కుర్రాడు మర్యాదగానే అడిగాడు: కార్డు ఉందా? జీతం కాగితం ఉందా? ఆవిడ దగ్గర ఉన్నది సముద్రం. జూన్ 15 నుంచి మళ్ళీ చేపలిచ్చే సముద్రం. దానికి కాగితం ఎవరిస్తారు? కుర్రాడి తప్పేమీ లేదు, కొట్టు నిబంధన అది. ఒక చీర పుచ్చుకుని బయటికి వచ్చాం. మిగతా మూడూ తమ పేటకి వచ్చే మూట మనిషి దగ్గర తీసుకుంది. ధర ఎక్కువే. "ఏటి సేస్తాం అమ్మా. ఆడు మా మొకం సూసి ఇస్తాడు, ఈలు కాగితం సూసి ఇస్తారు" అంది.

ఆ రాత్రి నాకు తకతోషి చీటీలో మొదటిమాట గుచ్చుకుంది. 'పెంచి చెప్పే ధర లేదు' అన్నది ఎంత ధర్మమో, 'రొక్కానికే' అన్నది అంత కఠినం. ధర అందరికీ ఒకటే. చేతిలో రొక్కం అందరికీ ఒకటిగా ఉండదే! పోనీ, అరువు లేదంటే అందరికీ లేదనైనా సరిపెట్టుకుందాం. అదీ కాదు. జపాను పెద్ద దుకాణాల్లో ఇవాళ్టికీ ఒక ప్రత్యేక విభాగం ఉంది. గైషో అంటారు. బాగా కలిగిన ఖాతాదారుల ఇళ్ళకి గుమస్తాలే వెళ్ళి, నగలూ బట్టలూ చూపించి, ఖాతాలో రాసుకుని, డబ్బు తరవాత పుచ్చుకుంటారు. చూశారా విచిత్రం! 1683లో కాదన్న మూట వ్యాపారం, చెప్పులు విడిచి ముందు గదిలోకి తిరిగి వచ్చింది. కాకపోతే మేడలకి మాత్రమే. మనదగ్గర మాత్రం? జీతం ఉన్నవాళ్ళకి వడ్డీ లేని వాయిదాలిస్తాం, పుచ్చుకోండి పుచ్చుకోండి అని ఫోన్లు చేసి ప్రాణం తీస్తారు. ఉన్నవాళ్ళకి అరువు వడ్డీ లేకుండా దొరుకుతుంది. లేనివాళ్ళకి వడ్డీ ఇస్తామన్నా దొరకదు.

పెద్ద దుకాణాలకి కూడా రోజులు బాగాలేవు లెండి. మిత్సుకోషి 2008లో ఇసెతాన్ అనే మరో దుకాణంతో కలిసి ఒక గొడుగు కిందకి చేరింది. చీబా ఊళ్ళో కొట్టు 2017లో, టోక్యోలో ఎబిసు కొట్టు 2021లో మూతపడ్డాయి. నిహోన్‌బాషి సింహాలు మాత్రం కూర్చునే ఉన్నాయి.

గొడుగు అన్నాను కనక ఒక్కమాట చెప్పి ముగిస్తాను. ఎచిగోయా కథలో నేను మరిచిపోలేనిది ధర చీటీ కాదు, సింహాలూ కావు. హఠాత్తుగా వాన వస్తే, కొట్టుకి వచ్చినవాళ్ళకి గొడుగులు ఊరికే అరువిచ్చేవారట. మళ్ళీ ఎప్పుడో తెచ్చి ఇవ్వడం. గొడుగు మీద కొట్టు గుర్తు ఇంత లావున ఉండేది. వాన కురిసిన ప్రతిసారీ ఎదో వీధుల నిండా ఎచిగోయా పేరే నడిచేది. ఖర్చులేని ప్రకటన అనండి, కాదనను. కానీ చూడండి, అప్పు లేదు పొమ్మని ఊరంతా చీటీలు పంచిన కొట్టే, వానలో నిలబడ్డ మనిషిని మాత్రం నీ జీతం ఎంత అని అడగలేదు.

మన విశాఖలో జగదాంబ దగ్గరా, ద్వారకానగర్‌లోనూ, గాజువాకలోనూ మేడలు మేడలుగా బట్టల దుకాణాలున్న యజమానులకి నాదో చిన్న మనవి. వేట నిషేధం రోజుల్లో ప్రభుత్వం మత్స్యకారులకి భృతి ఇస్తుంది. అంటే ఎవరెవరికి ఆ రెండు నెలలూ వానాకాలమో పేర్లతో సహా జాబితా సిద్ధంగా ఉన్నట్టేగా! ఆ జాబితాలో పేరున్న మనిషి పెళ్ళిచీరకి వస్తే, చీటీ మీద ఉన్న ధరకే, జూన్ 15 దాటాక కట్టమ్మా అని ఇచ్చి చూడండి. సముద్రం ఎక్కడికీ పోదు, వాళ్ళూ పోరు. ఆ గొడుగు మీద కావాలంటే మీ కొట్టు పేరు ఎంత పెద్ద అక్షరాలతోనైనా రాసుకోండి.